రైలు బిళ్లల సారు

మొన్న గద్వాల బస్టాండులో పార్సిల్ కౌంటరు ముందు నిలబడ్డాను. నాగర్‌కర్నూలులో ఉన్న మా చిన్నమ్మ కూతురికి చీర పంపాలి. కౌంటరులోని అమ్మాయి పెట్టెను తూకం వేసి, దాని మీద ఒక చీటీ అంటించి, ఆ చీటీకి అడ్డంగా నీలం పెన్నుతో ఒక గీత గీసింది. "ఆ గీత ఎందుకమ్మా?" అని అడగబోయి ఆగిపోయాను. నిజానికి అది నాకు తోచే ప్రశ్న కాదు. అలాంటివి అడిగే మనిషి పోయి ఏడాది దాటింది. ఆయనే ఉంటే ఆ గీత ఎవరు మొదలుపెట్టారు, నీలం పెన్నే ఎందుకు, ఎడమచేతి వాటం వాళ్లయితే ఎటు నుంచి గీస్తారు అని ఆ అమ్మాయిని ఊపిరి తీసుకోనిచ్చేవారు కాదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు తిట్టుకుంటూ ఉండేవాళ్లు. చివరికి వాళ్లు కూడా జవాబు కోసం మెడలు చాచేవాళ్లు.

ఆయన హోమియో డాక్టరు. గద్వాల కోట వెనక సందులో ఇంటి ముందు గదే దవాఖాన. వారంలో ఒకరోజు వనపర్తిలో, ఒకరోజు నాగర్‌కర్నూలులో కూర్చునేవారు. నేను వనపర్తి నుంచి గద్వాల కాలేజీకి పాఠాలు చెప్పడానికి రోజూ బస్సులో తిరిగేదాన్ని. ఒకనాడు బస్సులో ఆగకుండా తుమ్ముతున్నాను. ముందు సీటులో ఉన్న బట్టతల మనిషి మెల్లగా వెనక్కి తిరిగారు.

"నీడల కెళ్లి ఎండలకు పోతె వస్తయా, ఎండల కెళ్లి నీడలకొస్తె వస్తయా?"

"ఏంటి సార్?"

"తుమ్ములు."

నాకు నవ్వు వచ్చింది. నేనెప్పుడూ చూసుకోలేదని చెప్పాను. "గట్లెట్ల? ముక్కు నీదే గద!" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. పెబ్బేరు వచ్చేసరికి నేను ఏ పక్కకు తిరిగి పడుకుంటానో, ఉప్పు ఎక్కువ తింటానో పులుపు తింటానో, ఉరుము వింటే భయపడతానో లేదో అన్నీ చెప్పేశాను. మా ఆయనకు కూడా అన్ని సంగతులు చెప్పి ఉండను.

గద్వాలలో ఆయన గురించి ఒక మాట ఉండేది. "కడుపు నొస్తుందని పోతే ఆయన కలలడుగుతడు" అని. పేషెంట్ల నాలుక చూడటానికి ఒక గుండ్రటి భూతద్దం వాడేవారు. కొమ్ముతో చేసిన పిడి. ఆ భూతద్దం అసలు పని వేరే ఉందని నాకు తరువాత తెలిసింది.

తుమ్ములు తగ్గాయని చెప్పడానికి వెళ్లినరోజు ఆయన టేబుల్ మీద ఒక బిళ్ల పెట్టుకుని, ఆ భూతద్దం పట్టుకుని దాని మీదికి వంగి ఉన్నారు. పోస్టు బిళ్ల కన్నా పెద్దది, మందు సీసాకు అంటించే చీటీ అంత ఉంది. ఇటుక రంగు. ఏవో విదేశీ అక్షరాలు, ఒక అంకె, మీద మందంగా నీలం పెన్సిలు గీత.

"ఇదేంటి సార్?"

"నువ్వు చెప్పు. ఏంది గిది?"

"స్టాంపు."

"పోస్టాఫీసుది కాదు. రైలోళ్లది."

ఆరోజు ఆయన చెప్పిందంతా నాకు ఇప్పటికీ గుర్తుంది. ఒకప్పుడు జర్మనీలో పల్లె పల్లెకూ చిన్న చిన్న రైళ్లు ఉండేవట. సర్కారువి కాదు. ఆ పక్క నాలుగూళ్లు కలిసో, ఎవరో కంపెనీ పెట్టో వేసుకున్నవి. పాల డబ్బాలు, దుంపలు, మనుషులు, మేకలు అన్నీ వాటిలోనే. పార్సిళ్లు కూడా అవే మోసేవి. అందుకోసం ఆ చిన్న రైళ్ల వాళ్లు తమ బిళ్లలు తామే అచ్చు వేసుకున్నారు. పెట్టెతో పాటు వెళ్లే కాగితానికి బిళ్ల అంటించి, మళ్లీ వాడకుండా స్టేషన్ గుమాస్తా పెన్సిలుతో కొట్టేసేవాడు. పని అయిపోయాక ఆ కాగితాలను చించి పారేసేవారు. అందుకే మిగిలినవి తక్కువ.

"మాది నాగర్‌కర్నూలు పక్క పల్లె. ఇయ్యాల్టికీ ఆడికి రైలు లేదు" అన్నారు. "నేను రైలు చూసిందే వనపర్తి రోడ్ స్టేషన్ల. వనపర్తి రోడ్ అంటే వనపర్తి అనుకుంటివి. ఆడ దిగి చూస్తే ఊరెక్కడ? పేరులో రోడ్డు ఉంటే ఊరు ఇంకా దూరమున్నదని అర్థం. మరి గా జర్మనోళ్లు పాల డబ్బా కోసం ఊరూరికి రైలెట్ల ఏసిండ్రు? ఎవడు అడిగిండు, ఎవడు ఇచ్చిండు? నాకు గది తెల్వాలె."

ఆయనకు మొదటి బిళ్ల ఒక పాత హోమియో పుస్తకంలో దొరికింది. హైదరాబాదులో ఫుట్‌పాత్ మీద కొన్న జర్మను పుస్తకం. ఎవరో చదివి, ఆపిన పేజీ గుర్తుండాలని ఆ బిళ్ల పెట్టి మరిచిపోయారు. స్టాంపులు అమ్మేవాడికి చూపిస్తే వాడు తన లావాటి పుస్తకం తిరగేసి, ఇది లెక్కలో లేదు, పనికి రాదు అన్నాడట. "లెక్కల లేదన్నడు. గప్పుడే నాకు దాని మీద మనసైంది" అనేవారు. జర్మను భాష నేర్చుకున్నది ముందు మందుల పుస్తకాల కోసమే. తరువాత బిళ్లల కోసం ఇంకా నేర్చుకున్నారు. స్టేషన్ల పేర్లు పాలమూరు యాసలో చదివేవారు. "మనకు పల్లి, పేట, పాడు ఉన్నట్టు ఆళ్లకు డోర్ఫ్, హైమ్. డోర్ఫ్ అంటే ఊరే. గింతే, ఊరు ఏడన్న ఊరే" అని తనలో తాను తల ఊపుకునేవారు.

జర్మనీలో ఆయనకు ఇద్దరు ముగ్గురు స్నేహితులుండేవారు. వాళ్లకు మన నిజాం కాలపు పోస్టు బిళ్లలంటే ఇష్టం. పేషెంట్లు ఇళ్లలో పాత ట్రంకు పెట్టెలు వెతికి నిజాం బిళ్లలు తెచ్చి ఇచ్చేవారు. ఈయన వాటిని పంపి రైలు బిళ్లలు తెప్పించుకునేవారు. పక్కింటి చీరల వ్యాపారి నెత్తి కొట్టుకునేవాడు. "మన జరీ ఇచ్చి ఆళ్ల నూలు తెచ్చుకుంటవా డాక్టర్ సాబ్?" అని. ఈయన నవ్వి, "జరీ సంగతి నాకు తెల్సు. నూలు సంగతి తెల్వది" అనేవారు.

ఆల్బములన్నీ లోపలి గదిలో ఇనుప బీరువాలో ఉండేవి. చూడటానికి వచ్చినవాళ్లకు ఆయన ముందుగా ఒకే ఒక బిళ్ల చూపించేవారు. చూపించి ఊరుకునేవారు. వచ్చినవాడు "దీని ధరెంత పలుకుతది సార్?" అంటే బిళ్ల లోపలికి పోయేది, చాయ్ బయటికి వచ్చేది. ఇంకేది అడిగినా, ఎంత తిక్క ప్రశ్న అయినా సరే, బీరువా తెరుచుకునేది. ఒకసారి ఒక ఆటో డ్రైవరు "గీ బిళ్ల నాకితే తియ్యగుంటదా, చేదుగుంటదా?" అని అడిగాడు. వాడిని సాయంత్రం దాకా పోనివ్వలేదు.

ఆయన భార్యకు ఈ బిళ్లలంటే పడేది కాదు. "ఇంట్ల పసుపు డబ్బాకు మూతలేదు, చెత్త కాయిదాలకు మాత్రం ఇనుప బీరువా" అని ఎవరు వింటున్నా అనేసేది. ఆయన పోయాక ఆల్బములు ఆమె దగ్గరే ఉన్నాయి. కొంటామని ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. ధర అడిగినవాళ్లకు ఆమె చాయ్ పోసి పంపించేస్తోంది.

మా అమ్మను ఆయన దగ్గరికి తీసుకెళ్లింది మోకాళ్ల నొప్పులకు. అమ్మది శ్రీరంగాపూర్ పక్క పల్లె. పొద్దంతా చేనులో బతికిన మనిషి. ఊరికే ప్రశ్నలు వేసేవాళ్లంటే ఆమెకు చిరాకు. ఆయన ఎప్పటిలాగే మొదలుపెట్టారు.

"అక్కా, మోకాలు పొద్దుగాల నొస్తదా, మాపటికి నొస్తదా?"

"నొస్తది."

"కలల నీళ్లు కనపడతయా?"

"మోకాలు నొస్తుందంటే కలలెందుకు సారూ?"

"చెప్పరాదు అక్కా. చలి ఓర్వవా, ఉక్క ఓర్వవా? చలికి ఏం కప్పుకుంటవు, దుప్పటా, గొంగడా?"

అమ్మ ముఖం ముడుచుకుపోయింది. "మా ఇంట్ల గొంగడి లేదు" అంది.

ఆ మాట విన్నాకే నాకు తట్టింది. మా చుట్టుపక్కల గొంగడి లేని ఇల్లు లేదు. మా నాయన వానాకాలం చేనికి పోతే ప్లాస్టిక్ సంచి కప్పుకునేవాడు. ఎందుకని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. డాక్టరుగారు మాత్రం తల ఎత్తి అమ్మను చూశారు. ఏమీ అడగలేదు. మందు కట్టి ఇస్తూ, మాట మార్చడానికేమో, టేబుల్ మీదున్న ఆకుపచ్చ బిళ్ల ఒకటి అమ్మ ముందుకు జరిపారు. అదేమిటో రెండు ముక్కల్లో చెప్పారు. అమ్మ దాన్ని చేత్తో తాకకుండా వంగి చూసింది.

"అయితే గిది అంటించిన డబ్బా ముట్టిందా?" అంది.

ఆయన చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"ఏందక్కా?"

"డబ్బా పంపిండ్రు గద. పంపినట్టు గీ బిళ్ల ఉన్నది. మరి ఎవరికి పంపిండ్రో ఆళ్లకు ముట్టిందా?"

"తెల్వదు అక్కా" అన్నారు ఆయన. బిళ్లను దగ్గరికి తీసుకుని మళ్లీ చూశారు. "ఏ స్టేషన్ల కొట్టిండ్రో ఉంటది. ఎంత తీసుకుండ్రో ఉంటది. ముట్టిందా లేదా ఉండదు. ఇన్నేండ్ల నుంచి చూస్తున్న, ఒక్కనాడన్న నాకు గీ ముచ్చట రాలే." బీరువా తెరవడం కూడా మరిచిపోయారు. కుర్చీ అమ్మకు దగ్గరగా జరుపుకున్నారు. "నీకెందుకొచ్చిందక్కా?"

అమ్మ చెప్పింది. నేను ఆమె కూతురిని, నేనూ అప్పుడే విన్నాను.

అమ్మకు పెళ్లయిన కొత్తలో కరువు వచ్చింది. ఆమె అన్న, అంటే నేను ఎన్నడూ చూడని మా మేనమామ, కూలీలను పనులకు తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట ఎక్కడో ఉత్తరాన కాలువ తవ్వే పనికి పోయాడు. అక్కడ చలి పాడుగా ఉంది, గొంగడి పంపండి అని వచ్చేవాళ్లతో చెప్పి పంపాడు. అమ్మ గొంగడి మూట కట్టి మేస్త్రీ మనిషికి ఇచ్చింది. వాడు వనపర్తి రోడ్ స్టేషన్లో రైలుకు వేశానన్నాడు. తరువాత మేస్త్రీ ఒక్కడే వచ్చాడు. మీ వాడు చలిజరం వచ్చి పోయాడు అన్నాడు. గొంగడి గురించి అడిగితే, నాకు తెల్వదు అన్నాడు.

"ముట్టిందో లేదో" అంది అమ్మ. అంతే. పొట్లం తీసుకుని కొంగుకు ముడేసుకుంది.

మేం వెళ్లిపోయాక ఆయన జర్మనీ స్నేహితులందరికీ ఒకే ప్రశ్న రాశారట, డబ్బాలు ముట్టినట్టు ఎక్కడైనా తెలుస్తుందా అని. ఒకాయన, ఇన్నాళ్లలో ఇది ఎవరూ అడగలేదు, ఇప్పుడు నాకు నిద్ర పట్టడం లేదు అని జవాబిచ్చాడట. ఆ సంగతి ఈయన సంబరంగా చెప్పారు. ఇంకొక సంగతి మాత్రం చెప్పలేదు. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో వచ్చే ప్రతి పేషెంటునూ కలలు, నిద్ర, ఉప్పు, పులుపు అన్నీ అయ్యాక ఇంకొకటి అడగడం మొదలుపెట్టారు. "మీ ఇంట్ల ముసలోళ్లు ఎవరన్న కాలువ పనులకు పోయిండ్రా? ఏ మేస్త్రీ గుంపు?"

అలా ఎన్ని నెలలు అడిగారో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం ఫోన్ చేశారు.

"బిడ్డా, నాగర్‌కర్నూలు అవతల ఒక ఊరుంది. ఆ ఊరి కోడలు చేతి దురదకు మందుకొచ్చింది. ఆమె మామ మీ మేనమామ గుంపులనే పని చేసిండట. ఇంక మనిషి ఉన్నడు, మాట బాగనే ఉన్నది. నేనైతే ఏం అడగలే. అక్కను తీస్కరా, అక్కనే అడుగుతది."

అమ్మకు చెప్పాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆగలేదు.

"ముట్టలేదంటే?" అంది. "ముట్టిందేమో అనుకుంట ఇన్నేండ్లు బతికిన. ఇప్పుడు పోయి ముట్టలేదని తెల్సుకొని ఏం జేయాలె?"

ఆ మాటే ఆయనకు చెప్పాను. ఆయన బతిమాలతారనుకున్నాను. "నిజమే" అన్నారు. "నేను నా మట్టుకే ఆలోచన చేసిన. అక్కకు వద్దంటే వద్దు." మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఎత్తకుండా ఉండటం ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. బస్సులో కనిపించినప్పుడల్లా నోటిదాకా వచ్చింది మింగి, వానల గురించి మాట్లాడేవారు.

కొన్నాళ్లకు అమ్మే ఒకరోజు పొద్దున్నే తయారై, చెప్పులేసుకుని గడపలో నిలబడింది. "ఆ డాక్టరు సారుకు ఫోన్ చెయ్యి, పోదాం" అంది.

ఆ ముసలాయన రేకుల షెడ్డు కింద నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది కానీ చెవులు బాగా పనిచేస్తున్నాయి. అమ్మ ఎవరి చెల్లెలో చెప్పగానే ఆయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. కోడలు చాయ్ తెచ్చింది. అమ్మ వేరుశనగ ఎట్లుందని అడిగింది. బర్రె ఎన్ని పాలిస్తుందని అడిగింది. మనవళ్లేం చదువుతున్నారని అడిగింది. మోకాళ్ల గురించి ఇద్దరూ మాట్లాడుకున్నారు. పనికి పోయిన సంగతి, కరువు సంగతి కూడా వచ్చాయి. మా మేనమామ పేరు కూడా వచ్చి పోయింది. గొంగడి మాట మాత్రం రాలేదు.

నేను డాక్టరుగారి వైపు చూశాను. దారిన పోయేవాడి చెప్పు ఎందుకు తెగిందో కూడా అడిగే మనిషి. స్టూలు మీద చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని, నేలను చూస్తూ కూర్చున్నారు. ఆయన పెదవి కదలకుండా ఉండటం నేను చూసింది అప్పుడే. ఇక ఓపిక లేక నేనే అడుగుదామని నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి మెల్లగా తల అడ్డంగా ఊపారు.

చాయ్ అయిపోయింది. అమ్మ లేచింది. "పోయొస్త అన్నా" అని షెడ్డు చివరి దాకా నడిచింది. అక్కడ గుంజ పట్టుకుని నిలబడింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"అన్నా, మా అన్నకు ఒక గొంగడి పంపిన. ముట్టిందా?"

"ఎర్రనూలు కుట్టిందా?" అన్నాడు ముసలాయన.

అమ్మ వెనక్కి తిరిగింది.

"నల్ల గొంగడి. మూలకు ఎర్రనూలుతోని ఏదో కుట్టి ఉండె. అది చిలకనా, కోడినా అని మేమంత నవ్వుతుంటిమి. 'మా చెల్లె కుట్టిందిరా, చిలకనే' అని మాతోని కొట్లాడుతుండె."

"జరమొచ్చినప్పుడు?"

"అదే కప్పినం తల్లీ. పోయినంక అండ్లనే చుట్టి మట్టి జేసినం. కొత్త గొంగడి, మంచిగున్నది, తీసి పెట్టుకుందమని ఒకడన్నడు. మేం ఒప్పుకోలే. ఆయనదే గద అది."

అమ్మ అక్కడే నేల మీద కూర్చుంది. ఏడవలేదు. "అయితే చలి పెట్టలే" అంది, ఎవరితో అన్నదో తెలియదు.

"లేదు తల్లీ. చలి పెట్టలే" అన్నాడు ఆయన.

తిరిగి వచ్చేటప్పుడు నాగర్‌కర్నూలులో గద్వాల పోయే బస్సు దొరికింది. మేం వనపర్తిలో దిగాలి, ఆయన గద్వాల దాకా పోవాలి. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. నేను ఆమె పక్కన. ఆయన ముందు సీటులో. బిజినేపల్లి దాటింది. ఆయన మెడ వెనక నరం కదులుతూ ఉంది. ఇంక ఆపుకోలేకపోయారు. మెల్లగా వెనక్కి తిరిగారు.

"అక్కా, ఒక్కటే అడుగుత. అది చిలకనా, కోడినా?"

అమ్మ ఆయన వైపు చూసింది. తరువాత నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు, బస్సులో వాళ్లు తిరిగి చూశారు.

"చిలకనే సారూ! సూది చక్కగ రాకపాయె. ముక్కు జర లావైంది."

"గొంగడి ఎవరిది? కొన్నరా?"

"యాడ కొంటం? మా మామది. కొత్తది, దండెం మీద ఉండె. అడుగుతే ఇయ్యడు. చెప్పకుండ తీసిన."

"మరి ఆయన చూస్కోలేదా?"

"చూస్కోకుంటడా? ఊరంత ఎతికిండు. ఎవడో దొంగ ఎత్కపోయిండని మూడు సందులల్ల తిట్టుకుంట తిరిగిండు. నేను పొయ్యి కాడ కూసొని రొట్టెలు చేస్కుంటున్న. గప్పటి సంది మా ఇంట్ల మళ్ల గొంగడి తేనియ్యలే నేను. చూస్తే అన్న యాదికొస్తడని."

ఆయన సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద కూర్చున్నంత పని చేశారు. కండక్టరు సరిగ్గా కూర్చోమన్నా వినలేదు. మీ అన్న నవ్వితే సప్పుడొస్తుండెనా? ఎడ్లంటే ఇష్టమా, గొర్లంటెనా? నిన్ను కొడుతుండెనా? రొట్టెలకు ఏం నంజుకుంటుండె? ప్రశ్నలంటే కస్సుమనే మా అమ్మ ఒక్కొక్కదానికీ నిదానంగా, గుర్తు చేసుకుంటూ, కొన్నిటికి చెప్పింది మార్చుకుంటూ జవాబులిచ్చింది. పుట్టి ఇన్నేళ్లయినా మా మేనమామ పొట్టివాడని, పాటలు పాడేవాడని, అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కునేవాడని నాకు ఆ బస్సులోనే తెలిసింది.

వనపర్తి బస్టాండు వచ్చింది. నేను సంచి తీసుకుని లేచాను. అమ్మ లేవలేదు.

"అమ్మా, దిగాలె."

"నువ్వు దిగు" అంది, నా వైపు చూడకుండానే. "నేను గద్వాల దాంక పోయొస్త. మా అన్న బాయిల దునికిన ముచ్చట సారుకు ఇంక చెప్పనే లేదు."

నేను సంచి ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను.